సినగాగ్‌కి రమ్మని పిలిచారా? మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఏం చేయాలి, ఏం చేయకూడదు

"సినగాగ్‌కి రమ్మన్నారండీ, చీర కట్టుకోవచ్చా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే (సినగాగ్ అంటే యూదుల ప్రార్థనాలయం). రెండోది "చదివింపులు ఎంత?". మూడోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు, "మతం మారమంటారేమో?" అని. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అంతా ఒకచోట పెట్టేద్దామని రాస్తున్నాను. జవాబులు వరసగా: కట్టుకోవచ్చు. పద్దెనిమిది లెక్కన ఇవ్వండి (ఎందుకో పదో అడుగులో). మారమనరు, సరికదా మారతానని మీరే వెళ్ళి అడిగినా నెలల తరబడి చదువుకుని రమ్మంటారు.

మేముండేది న్యూజెర్సీలో. మా పక్కింటివాళ్ళు ఒక రిఫార్మ్ (యూదుల్లో ఉదారంగా ఉండే శాఖ) సినగాగ్‌లో సభ్యులు. వాళ్ళ పెద్దమ్మాయి బాత్ మిట్స్వాకి (పదమూడేళ్ళప్పుడు అమ్మాయికి చేసే వేడుక) వెళ్ళినరోజు చేయగలిగిన తప్పులన్నీ చేశాను, కొన్ని కింద చెప్తాను. ఆ తర్వాత శనివారం పొద్దుటి తోరా (బైబిల్లో మొదటి ఐదు పుస్తకాలు) క్లాసు రుచి మరిగి నెలకోసారైనా వెళ్తున్నాను. నేను యూదుణ్ణి కాను, అయ్యే ఉద్దేశమూ లేదు. వెనక వరసలో కూర్చుని చూసినవాడి మాటలుగా తీసుకోండి.

ఒక్క సంగతి ముందే తేల్చుకోవాలి. మిమ్మల్ని పిలిచింది ఎలాంటి సినగాగ్? నేను రాసేది అందరినీ కలుపుకునిపోయే రకం గురించి. అంటే ఆడా మగా కలిసి కూర్చునేవి, రబ్బై (మతగురువు) ఆడవాళ్ళైనా ఆశ్చర్యపోనివి, భార్యాభర్తల్లో ఒకరు యూదులు కాకపోయినా, ఇద్దరు మగవాళ్ళు పెళ్ళి చేసుకుని పిల్లాణ్ణి పెంచుతున్నా మామూలుగా చూసేవి. ఇదేం నిన్న మొన్న వచ్చింది కాదు. 1972లో శాలీ ప్రీసాండ్ అమెరికాలో మొదటి మహిళా రబ్బై అయ్యారు. అదే ఏడాది లాస్ ఏంజెలిస్‌లో గే, లెస్బియన్ యూదులు బెత్ హయ్యిమ్ హదాషిమ్ అనే సినగాగ్ పెట్టుకున్నారు, 1973లో న్యూయార్క్‌లో బెయిట్ సిమ్హాత్ తోరా మొదలైంది. ఇప్పుడు రిఫార్మ్, రీకన్‌స్ట్రక్షనిస్ట్ శాఖల సినగాగుల్లో చాలావాటిలో, కన్సర్వేటివ్ శాఖలో కూడా కొన్నిటిలో ఇదే పద్ధతి. వెబ్‌సైట్లో "ఎగాలిటేరియన్", "ఇంటర్‌ఫెయిత్" అన్న మాటలు కనిపిస్తే మీది ఇదే. పాత సంప్రదాయం పాటించే ఆర్థడాక్స్ అయితే ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య అడ్డుతెర ఉంటుంది, షబ్బాత్ (వారానికోసారి వచ్చే విశ్రాంతిదినం) నియమాలు గట్టిగా ఉంటాయి, పిలిచినవాళ్ళనే అడిగి వెళ్ళండి, ఈ రాసింది సగమే పనికొస్తుంది.

పేరులో "టెంపుల్" అని ఉంటే కంగారు పడకండి, రిఫార్మ్ వాళ్ళు సినగాగ్‌ని అలా కూడా అంటారు. "షూల్" అన్నా అదే.

కావలసినవి

ఐడీ కార్డు. భుజాలు కప్పే బట్టలు. సైలెంట్‌లో కాదు, పూర్తిగా ఆపేసిన ఫోను. శాకాహారులైతే ముందే ఏదైనా తిన్న కడుపు (ఎందుకో తొమ్మిదో అడుగులో). అంతే. పూలు, కొబ్బరికాయ, స్వీటు డబ్బా, ఇంట్లో చేసిన పులిహోర ఏవీ వద్దు. వాళ్ళ వంటగదికి కోషర్ (యూదుల ఆహార) నియమాలుంటాయి, బయటి తిండి లోపలికి రానివ్వని చోట్లు చాలా ఉన్నాయి.

1. పిలుపు సరిగ్గా చదవండి

శుక్రవారం సాయంత్రమా, శనివారం పొద్దునా, పండగా? వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అంటే షబ్బాత్ శుక్రవారం పొద్దుగూకాక మొదలై శనివారం రాత్రి చుక్కలు పొడిచాక ముగుస్తుంది. "పండగ 15న" అని క్యాలెండర్లో ఉంటే 14 సాయంత్రమే మొదలైపోతుంది. ఈ లెక్క తప్పి మర్నాడు ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

టైముకి వెళ్ళండి. మన ఫంక్షన్లలా ఆరన్నా ఏడున్నరకి కాదు. శనివారం బాత్ మిట్స్వా అయితే కార్డు మీదున్న టైముకే, పిల్ల చదివేది మధ్యలో వస్తుంది కదా అని లెక్కలేసుకుని ఆలస్యంగా దిగొద్దు. ఒకవేళ ఆలస్యమైతే అందరూ నిలబడి ఉన్నప్పుడు లోపలికి నడవకండి, తలుపు దగ్గర ఆగితే అక్కడున్నాయన ఎప్పుడు వెళ్ళాలో సైగ చేస్తాడు.

2. గేటు దగ్గర

పోలీసు ఉంటాడు, బ్యాగు చూస్తారు, పేరు ముందే రిజిస్టర్ చేయమని ఉంటారు. అవమానంగా తీసుకోకండి. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో షబ్బాత్ ప్రార్థన జరుగుతుండగా ఒకడు తుపాకీతో వచ్చి 11 మందిని చంపాడు. 2022 జనవరి 15న, మనవాళ్ళు ఇంతమంది ఉన్న డాలస్ పక్కనే, కాలీవిల్‌లో ఒకడు తలుపు తట్టాడు. చలికి వచ్చాడనుకుని రబ్బై లోపలికి పిలిచి టీ ఇచ్చారు. వాడే తర్వాత తుపాకీ తీసి గంటల తరబడి నలుగుర్ని బందీలుగా పెట్టాడు, చివరికి రబ్బై వాడి మీదకి కుర్చీ విసిరి మిగతావాళ్ళతో బయటపడ్డారు. ఇదంతా తెలిసీ పిలుస్తున్నారంటే మీ మీద నమ్మకంతోనే కదా.

చేయకూడనిది ఒకటి ఉంది. మీ వెనక వచ్చేవాళ్ళ కోసం మర్యాదకి తలుపు పట్టుకుని నిలబడకండి. ఎవరికి వాళ్ళు గార్డుని దాటే రావాలి.

3. చెప్పులు విప్పకండి, తల కప్పుకోండి

మన గుడికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. గుమ్మంలో చెప్పులు విప్పబోయిన మా బావమరిదిని పట్టుకుని ఆపాల్సి వచ్చింది. లోపలికి వెళ్ళగానే బుట్టలో చిన్న టోపీలుంటాయి, కిప్పా అంటారు. మగవాళ్ళు ఒకటి తీసి నడినెత్తి మీద పెట్టుకోండి, ఇలాంటి సమాజాల్లో ఆడవాళ్ళూ పెట్టుకుంటారు, ఇష్టమైతేనే. మీది కాని మతం గుర్తు పెట్టుకున్నట్టు కాదా అని అడుగుతారు కొందరు. కాదు, అది మర్యాద కోసం పెట్టుకునేది. బట్టతల వాళ్ళకి జారిపోతుంది, బుట్ట పక్కనే క్లిప్పులుంటాయి గానీ పట్టుకోడానికి జుట్టుండాలిగా, అంచేత తల మరీ వంచకండి. బార్, బాత్ మిట్స్వాల్లో కిప్పా లోపల పిల్లల పేరూ తేదీ అచ్చేసి ఉంటుంది, అది ఇంటికి తెచ్చుకోవచ్చు.

పక్కనే అంచులకి కుచ్చులున్న తెల్లటి శాలువాలు వేలాడుతుంటాయి. అవి తల్లిత్. వాటిని తీసి కప్పుకోవద్దు, అది యూదులు వేసుకునేది. చలేస్తే మీ స్వెటరే వేసుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక. స్వస్తిక్ ఎక్కడా ఉండకూడదు. గొలుసుకున్న లాకెట్, చీర అంచు, మెహందీ డిజైను, కారు డాష్‌బోర్డు మీద స్టిక్కరు, అన్నీ ఒకసారి చూసుకోండి. నేను పక్కింటమ్మాయి కోసం తీసుకెళ్ళిన కవరు ఇండియా నుంచి తెచ్చిన కట్టలోది. ఎర్రటి కాగితం, బంగారు రంగు అంచు, మూలన రూపాయి బిళ్ళ అతికించి ఉంది, ఒకపక్క వినాయకుడు, రెండోపక్క స్వస్తిక్. కారు దిగుతుంటే మా అమ్మాయి చేతిలోంచి కవరు లాక్కుని "నాన్నా!" అంది, అంతే. చెక్కు తీసి, గ్లవ్ బాక్స్‌లో దొరికిన ఏదో బ్యాంకు కవర్లో పెట్టాను. లోపలికి వెళ్తే మొదటి వరసలో తొంభై దాటిన ముత్తవ్వ కూర్చుని ఉంది. మనకది శుభం, వేల ఏళ్ళనాటిది, నాజీలది వేరు, ఇవన్నీ నిజమే. కానీ ఆవిడకి అవన్నీ వివరించే చోటు అది కాదు.

4. వెనక నుంచి మూడో వరస

నా సలహా ఎప్పుడూ ఇదే. ముందు రెండు వరసలు ఇంటివాళ్ళవి. మరీ చివర కూర్చుంటే ఏం జరుగుతోందో కనిపించదు. మూడో వరసలో మీ ముందున్నవాళ్ళు లేస్తే లేవొచ్చు, కూర్చుంటే కూర్చోవచ్చు.

ప్రార్థన పుస్తకం, సిద్దూర్, కుడినుంచి ఎడమకి తెరుచుకుంటుంది. మనకి "చివరి అట్ట" అనిపించేదే దాని ముఖం. హీబ్రూ, దాని ఉచ్చారణ ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన అర్థం ఉంటాయి. పేజీ నంబరు చెప్తూనే ఉంటారు. పేజీ తప్పితే పక్కవాళ్ళ పుస్తకంలోకి తొంగి చూడండి, వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. పుస్తకం నేల మీద పెట్టకండి, కింద పడితే తీసి ముద్దు పెట్టుకునేవాళ్ళు కనిపిస్తారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పెద్దక్షరాల పుస్తకం, వినికిడి పరికరం కావాలంటే అడగండి, చాలాచోట్ల ఉంటాయి.

పేరు బ్యాడ్జి ఇస్తే కింద సర్వనామాలు రాసి ఉండొచ్చు. మనకి తెలుగులో "తను" అని ఒక్క మాటతో గడిచిపోతుంది, ఇంగ్లీషులో నోరు జారుతుంది. జారితే సరిదిద్దుకుని ముందుకి వెళ్ళిపోండి, ఐదు నిమిషాలు సారీలు చెప్పి అవతలివాళ్ళని ఇబ్బంది పెట్టొద్దు.

5. శుక్రవారం సాయంత్రం ఏం జరుగుతుంది

గంట, గంటన్నర. ఎక్కువ పాటలే, కొన్నిచోట్ల గిటారు కూడా. దీపాలు వెలిగిస్తారు, కీర్తనలు పాడతారు. చర్చికి వెళ్ళే తెలుగువాళ్ళకి 92, 96, 98 కీర్తనలు తెలిసినవే, వరస మాత్రం కొత్త. తర్వాత "లెహా దోది" వస్తుంది, 16వ శతాబ్దంలో సఫెద్‌లో (ఇప్పటి ఇజ్రాయెల్లో ఊరు) ష్లొమో అల్కబెత్స్ రాసింది. షబ్బాత్‌ని పెళ్ళికూతురితో పోల్చి పిలిచే పాట. చివరి చరణానికి అందరూ ఒక్కసారిగా లేచి గుమ్మం వైపు తిరుగుతారు. ఎవరో వచ్చారనుకుని నేనూ తిరిగి చూశాను, ఎవరూ లేరు, పెళ్ళికూతుర్ని లోపలికి ఆహ్వానించడమన్నమాట. మీరూ తిరగండి, లేకపోతే అందరి ముఖాలూ మీ వైపే ఉంటాయి.

"షెమా" చెప్పేటప్పుడు కుడిచేత్తో కళ్ళు మూసుకుంటారు. ఇది ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలోదే. మీరు చేయనక్కర్లేదు, నిశ్శబ్దంగా ఉంటే చాలు. "అమీదా" నిలబడి చదివేది, అందులో కొంత ఎవరికి వాళ్ళు మౌనంగా చదువుకుంటారు. మూడడుగులు వెనక్కీ మూడు ముందుకీ వేస్తారు, శనివారం పొద్దునైతే ఒకచోట మడమలెత్తి మూడుసార్లు పైకి లేస్తారు. కాళ్ళు నొప్పెడితే కూర్చోండి, ఎవరూ చూడరు. "నిలబడగలిగినవాళ్ళు" అని రబ్బై అనడం వినే ఉంటారు, అది నిజంగానే అంటారు.

నియమం ఒకటే: నిలబడటం మర్యాద, పలకడం ఇష్టం. అందరితో లేవండి, కూర్చోండి. మీ నమ్మకానికి పొసగని వాక్యం పలకనక్కర్లేదు, వంగనక్కర్లేదు. ముందున్న, తోరా చుట్టలుంచే పెట్టెకి దణ్ణం పెట్టడం, సాష్టాంగపడటం కూడా వద్దు, మా పెద్దమ్మ చేయబోయింది.

క్రైస్తవ మిత్రులకి రెండు మాటలు. మన తెలుగు బైబిల్లో "యెహోవా" అని ఉన్నచోట వాళ్ళు ఆ పేరు పైకి పలకరు, "అదొనాయ్" అంటారు. గట్టిగా పలికితే హాలు ఉలిక్కిపడుతుంది. రెండోది, "మీ పాత నిబంధన" అనకండి, వాళ్ళకి అది పాతదీ కాదు, కొత్తదంటూ ఇంకోటీ లేదు. సువార్త గురించి వేరే చెప్పను, వాళ్ళింటికి అతిథిగా వెళ్తున్నారు.

6. కద్దిష్ దగ్గర జాగ్రత్త

చివర్లో పోయినవాళ్ళ కోసం చదివేది మోర్నర్స్ కద్దిష్. భాష అరమాయిక్, అందులో చావు అన్న మాటే రాదు, మొత్తం దేవుడి స్తుతి. కొన్ని సమాజాల్లో అందరూ నిలబడతారు, కొన్నిచోట్ల ఈమధ్య ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు, తద్దినం పడినవాళ్ళు మాత్రమే నిలబడతారు. తద్దినం లాంటిది వాళ్ళకీ ఉంది, యార్‌ట్సైట్ అంటారు, హీబ్రూ తిథి ప్రకారం వస్తుంది.

నేను అప్పటికి లేవడం కూర్చోవడం అలవాటై చటుక్కున లేచాను. చూస్తే హాలంతా కలిపి ఆరుగురమే నిలబడి ఉన్నాం. కూర్చోవాలా వద్దా తెలియక అలాగే ఉండిపోయాను. అయ్యాక పక్కావిడ నా మోచెయ్యి పట్టుకుని "ఎవరికోసం?" అని అడిగింది. పొరపాటున లేచానని చెప్పాల్సింది, నోట్లోంచి "మా నాన్న" అని వచ్చింది. అబద్ధమేం కాదు, ఆయన పోయి అప్పటికి పదేళ్ళు. పేరడిగింది, చెప్పాను. తర్వాతి సంవత్సరం కావాలనే ఆయన తిథి వారంలో వెళ్ళి, రబ్బై పేర్లు అడుగుతూ హాలంతా కలయజూసినప్పుడు నాన్న పేరు చెప్పాను. అతిథులూ చెప్పొచ్చా అని ముందే అడిగి తెలుసుకున్నాను, చెప్పొచ్చన్నారు.

మీరు మాత్రం రెండు క్షణాలు ఆగి, ముందు వరస లేచిందో లేదో చూసి లేవండి. జబ్బుపడ్డవాళ్ళ పేర్లు చెప్పే "మి షెబెరఖ్" ప్రార్థన కూడా ఉంటుంది, అక్కడా ఇదే పద్ధతి.

7. శనివారం పొద్దున: తోరా బయటికి వచ్చినప్పుడు

రెండు గంటలు పైనే, ఓపికతో వెళ్ళండి. బార్ మిట్స్వా అబ్బాయికి, బాత్ మిట్స్వా అమ్మాయికి. రెండు మాటలూ వద్దనుకునే పిల్లలకి "బి మిట్స్వా" అంటున్నారు ఇప్పుడు. పదమూడేళ్ళ పిల్ల అచ్చులూ రాగం గుర్తులూ లేని హీబ్రూ చుట్టలోంచి అందరి ముందూ పాడుతూ చదువుతుంది. మన ఉపనయనంతో పోల్చి చెప్తే మనవాళ్ళకి త్వరగా అర్థమవుతుంది గానీ ఇక్కడ పిల్లే ఆ రోజు గురువు, చదివినదాని మీద తనే ప్రసంగం చేస్తుంది. అమెరికాలో మొదటిదిగా చెప్పుకునే బాత్ మిట్స్వా 1922 మార్చి 18న, న్యూయార్క్‌లో, జుడిత్ కప్లాన్‌ది.

తోరా చుట్టని ఎత్తుకుని వరసల మధ్య ఊరేగిస్తారు. పుస్తకం అంచుతోనో తల్లిత్ కుచ్చుతోనో దాని పైవస్త్రాన్ని తాకి ముద్దు పెట్టుకుంటారు. మీరు లేచి, అది ఎటు వెళ్తే అటు తిరుగుతూ ఉంటే చాలు. వీపు పెట్టకూడదు, దేవుడి ఊరేగింపు వస్తుంటే మనం చేసేదే. బల్ల మీద విప్పాక రాసిన చోట వేలు పెట్టరు, చివర వేలు ఆకారం ఉన్న వెండి పుల్లతో చదువుతారు.

చదివేముందు ఒక్కొక్కళ్ళని పేరు పెట్టి పిలుస్తారు, ఫలానావాళ్ళ కొడుకు "బెన్", కూతురు "బత్" అంటూ. ఆడా మగా అని చెప్పుకోని వాళ్ళని "మిబెయ్త్" అంటారు, ఫలానా ఇంటి నుంచి అని. ఇంటిపేరుతో పిలవడమే కదా ఇది, మనకి కొత్తేముంది!

ఫొటోలు, వీడియోలు వద్దు. నోట్సు రాసుకోవడమూ వద్దు, షబ్బాత్ నాడు రాయరు. పిల్ల బాగా చదివిందని చప్పట్లు కొట్టకండి, ఇంటివాళ్ళు కొడితే అప్పుడు కొట్టండి. "మజల్ తోవ్" అంటే సరిపోతుంది. కొన్నిచోట్ల పిల్ల మీదకి మెత్తటి మిఠాయిలు విసురుతారు, తలంబ్రాల్లా వేయండి, క్రికెట్ బంతిలా కాదు.

పదిమంది లేకపోతే కొన్ని ప్రార్థనలు జరగవు, ఆ పదిమందినే మిన్యాన్ అంటారు. చిన్న సమాజాల్లో ఎవరైనా తలలు లెక్కపెడుతూ మీ దగ్గర ఆగి "మీరు యూదులా?" అని అడగొచ్చు. కాదని చెప్పండి, తరిమేయరు, లెక్కలోకి తీసుకోరంతే. తమాషా ఏంటంటే మనుషుల్ని ఒకటి రెండు అని లెక్కపెట్టకూడదని వాళ్ళకి ఆనవాయితీ, పది మాటలున్న వాక్యంతో ఒక్కో మాట ఒక్కో మనిషికి అనుకుంటూ లెక్కపెడతారు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అనీ, ఏడు అనకుండా "ఆరున్నొకటి" అనీ లెక్కపెట్టిన మా తాత గుర్తొచ్చాడు.

8. తోరా స్టడీ: ఇదొక్కటి మాత్రం వదలకండి

వేడుకకి మాత్రమే వెళ్ళి వచ్చేస్తే సగమే చూసినట్టు. ప్రార్థనకి ముందో తర్వాతో ఒక గదిలో బల్ల చుట్టూ పదిహేనుమంది కూర్చుంటారు, కాఫీ ఉంటుంది. తోరాని 54 భాగాలు చేసి ఏడాదికోసారి పూర్తి చేస్తారు, ఆ వారం భాగం ఏదో వెబ్‌సైట్లో ఉంటుంది. ముందురోజు రాత్రి ఇంట్లో తెలుగు బైబిలు ఉంటే ఆ అధ్యాయాలు చదివి వెళ్ళండి. "నోవహు" వారమంటే ఆదికాండం 6:9 నుంచి 11 చివరిదాకా.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆదికాండం 18 నడుస్తోంది. సొదొమ నగరాన్ని నాశనం చేస్తానన్న దేవుడితో అబ్రాహాము బేరమాడతాడు. యాభైమంది మంచివాళ్ళుంటే వదిలేస్తావా, నలభై ఐదు, నలభై, ముప్పై, ఇరవై, పది. అక్కడ ఆగిపోతాడు. ఎందుకు ఆగాడు? ఒక రిటైరైన లాయరు "పదికి తక్కువైతే అది సమాజమే కాదు" అన్నాడు. పేరు కొత్తగా మార్చుకున్న కుర్రాడొకడు, "ఊళ్ళో ఒక్కడే మంచివాడుంటే వాడి సంగతేంటి మరి?" అని అడిగాడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. రబ్బై ఏదీ తేల్చలేదు, టైమైపోయిందని లేచారు. నేను ఉండబట్టలేక "మా ఊళ్ళో కూరగాయల బేరం కూడా ఒకచోట ఆగుతుంది, అమ్మేవాడి ముఖం చూసి" అన్నాను. నవ్వారు, లాయరుగారు మాత్రం నవ్వకుండా నావైపు తిరిగి "అయితే ఆయన ముఖంలో ఏం చూశాడంటావు?" అన్నాడు. దానికి జవాబు ఇప్పటికీ దొరకలేదు.

ఇక్కడ మనం చేసే తప్పు, ఒద్దికగా తలూపుతూ కూర్చోవడం. అక్కడ ప్రశ్న అడిగితేనే విన్నట్టు. ఇంకో తప్పు, ప్రతిదానికీ "మా భగవద్గీతలో కూడా ఇదే ఉంది" అనడం. ఒకసారి బావుంటుంది, మూడోసారికి ఆవలిస్తారు. ముందు వాక్యం గురించి మాట్లాడండి. గాజా, ఇజ్రాయెల్ రాజకీయాలు మీరై ఎత్తకండి, ఆ గదిలోనే నాలుగు రకాల అభిప్రాయాలుంటాయి, వాళ్ళ గొడవ వాళ్ళు పడతారు.

9. తిండి

శుక్రవారం ప్రార్థన తర్వాత ఓనెగ్ అనే ఫలహారం, శనివారం కిద్దూష్ భోజనం. ముందు ద్రాక్షరసం మీద దీవెన, బుల్లి కప్పుల్లో వైనూ ఉంటుంది, గ్రేప్ జ్యూసూ ఉంటుంది, రంగు ఒకటే కాబట్టి అడిగి తీసుకోండి. చర్చిలో బల్లారాధన లాంటిది కాదు, ఎవరైనా తాగొచ్చు. దీవెన పూర్తయి అందరూ "ఆమేన్" అనేదాకా ఆగండి. తర్వాత గుడ్డ కప్పిన రెండు జడరొట్టెలు, హల్లా, తీస్తారు. రొట్టె అందనివాళ్ళు దాన్ని పట్టుకున్నవాళ్ళ భుజం మీద చెయ్యేస్తారు, వాళ్ళ వెనకవాళ్ళు వాళ్ళ మీద, చిన్నప్పటి రైలాటలాగ. అపరిచితులు మీ భుజం మీద చెయ్యేస్తే కంగారు పడకండి.

శాకాహారులకి హెచ్చరికలు. హల్లాలో గుడ్డు ఉంటుంది, ఆ నిగనిగ గుడ్డు పూతే. నూడుల్స్‌తో చేసే కుగెల్‌లోనూ గుడ్డే. ఇక అసలు మోసపోయేది ఇక్కడ: "మీట్ లేదు" అంటారు, నిజమే, పాలపదార్థాలున్న భోజనంలో మాంసం పెట్టరు, కానీ కోషర్ లెక్కలో చేప మాంసం కాదు. నారింజరంగు పొరలు సాల్మన్, తెల్లటి ముద్ద ట్యూనా. "ఫిష్, ఎగ్ ఉన్నాయా?" అని విడిగా అడగండి. హుమ్మస్, కూరగాయలు, పళ్ళు, బేగెల్‌తో గడిచిపోతుంది.

10. చదివింపులు

హీబ్రూలో "హై" అంటే జీవం, ఆ రెండక్షరాల విలువ 8, 10, కలిపితే 18. అందుకని 18 గుణిజాల్లో ఇస్తారు, 36, 54, 72, 180 అలా. మన 116 అందులో ఇమడదు, 516 కూడా. 108 ఇముడుతుంది. ఒకరోజు ఊరికే కాలిక్యులేటర్ కొట్టి చూస్తే 1116 సరిగ్గా 62 పద్దెనిమిదులు! అంత ఇచ్చే చుట్టరికమైతే ఇద్దరి శాస్త్రాలూ ఒప్పుకుంటాయి. మామూలు కొలీగ్ పిల్లకి 54, 72 చాలు, బాగా దగ్గరివాళ్ళకి 180 అని నా అంచనా.

డబ్బు శనివారం సినగాగ్ లోపల చేతికివ్వకండి, షబ్బాత్ నాడు డబ్బు ముట్టరు. సాయంత్రం పార్టీలో ఇవ్వండి, లేదా ఆదివారం ఇంటికి పంపండి. నేను బ్యాంకు కవరు పిల్ల తండ్రి చేతిలో పెట్టబోతే ఆయన మర్యాదగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. హుండీ కోసం వెతకొద్దు, విరాళం ఇవ్వాలనుంటే వారం మధ్యలో ఆన్‌లైన్లో.

11. పండగలు, గబగబా

పూరిమ్ అంటే ఎస్తేరు గ్రంథం చదివే పండగ, దానికి వేషం వేసుకుని వెళ్ళండి, కథలో విలన్ హామాను పేరు వచ్చినప్పుడల్లా గోల చేయండి, పిల్లలకి బాగా నచ్చుతుంది. ఎస్తేరు గ్రంథం మొదటి వాక్యంలోనే "హోదు" ఉంది, అంటే మన హిందూదేశమే, చదువుతున్నప్పుడు ఎవరో ఒకరు మీవైపు చూస్తారు. సిమ్హాత్ తోరా నాడు ద్వితీయోపదేశకాండం ముగించి, వెంటనే ఆదికాండం మొదలుపెట్టి, చుట్టలెత్తుకుని నాట్యం చేస్తారు, బయటి వలయంలో కలవండి. రోష్ హషానాకి, అంటే వాళ్ళ ఉగాదికి, "షనా తోవా" అనండి. యోమ్ కిప్పూర్ ఉపవాసదినం, "హ్యాపీ" అనకండి, చేతిలో కాఫీ కప్పుతో వెళ్ళకండి. ఈ రెండింటికీ చాలాచోట్ల టికెట్లుంటాయి, ముందే అడగాలి.

సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

వెళ్ళేటప్పుడు ఎవరైనా "వచ్చే వారం వస్తారా?" అంటే మర్యాదకే కావచ్చు. మీ పేరు సరిగ్గా పలకడానికి రెండుసార్లు ప్రయత్నించారంటే మాత్రం నిజంగా పిలిచినట్టే. భోజనం దగ్గర "ఇండియాలో యూదులున్నారా?" అని తప్పకుండా అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండండి: కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్, ముంబై వైపు బెనె ఇజ్రాయెల్, కలకత్తాలో బాగ్దాదీలు, ఇక మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ షబ్బాత్ చేసుకునే బెనె ఎఫ్రాయిమ్ వాళ్ళు. ఈ చివరిది చెప్పగానే బల్ల దగ్గర తినడం ఆగిపోతుంది.

వాళ్ళని మీ ఇంటికి పిలవాలనుకుంటే శుక్రవారం సాయంత్రం వద్దు, మిగతా రోజుల్లో మన శాకాహార భోజనం చాలామందికి ఇబ్బంది లేనిదే, అయినా కోషర్ ఎంతవరకు పాటిస్తారో అడిగి వండండి. పెసాహ్ (పాస్కా పండగ) వారంలో మాత్రం గోధుమతో చేసినవేవీ వద్దు, చపాతీ, ఉప్మా, పూరీ అన్నీ ఔట్. అన్నం, పప్పు సంగతి ఇల్లు ఇల్లుకీ మారుతుంది. అష్కెనాజీలు (యూరప్ మూలాల యూదులు) తరతరాలుగా ఆ వారం అవి మానేసేవాళ్ళు, 2015లో కన్సర్వేటివ్ మండలి తినొచ్చని తేల్చింది, అయినా మా పక్కింటాయన తింటాడు, ఆవిడ తినదు. ఆ వారం వాళ్ళిద్దర్నీ కలిపి పిలిస్తే నేను చేసేది బంగాళాదుంప వేపుడూ, వంకాయ కూరా, పెరుగూ.